చెక్ ట్రే ఎత్తకుండా మందు చల్లకండి

(సొంత వెబ్‌సైట్లు నడుపుకునే చిన్న వ్యాపారుల కోసం ఒంగోలులో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినపడుతోందా? సరే.

ఇందాక పరిచయం చేసినాయన నన్ను డిజిటల్ నిపుణుడన్నారు. ఆ మాట కొంచెం తగ్గించుకుందాం. మాది ఇందుకూరుపేట పక్కన చిన్న ఊరు. మా నాయన రొయ్యల రైతు. నేను నెల్లూరులో ఓ చిన్న ఆఫీసు పెట్టుకుని నలుగురికీ వెబ్‌సైట్లు చేసిపెడుతుంటాను. దాంతోపాటు రొయ్యల సాగు మీద తెలుగులో నాదే ఒక సైటు ఉంది. 2023 సెప్టెంబరులో గూగుల్ అప్‌డేట్, అంటే వెతికినప్పుడు ఏ సైటు పైన రావాలో తేల్చే లెక్కని గూగుల్ మార్చుకోవడం, దాని దెబ్బకి ఆ సైటు మునిగింది. మునిగినవాడు కాబట్టి లోతు చెప్తాడని నన్ను పిలిచినట్టున్నారు.

ఆ రోజులు బాగా గుర్తున్నాయి. పొద్దున్నే కాఫీ తాగుతా ఫోన్లో సెర్చ్ కన్సోల్, అంటే మన సైటు గూగుల్లో ఎలా ఉందో గూగులే చూపించే పేజీ, చూడటం నాకు అలవాటు. మీలో సైటు ఉన్నవాళ్లకి తెలిసే ఉంటుంది, అందులో క్లిక్స్‌కి నీలం గీత, ఇంప్రెషన్స్‌కి, అంటే వెతికినవాళ్లకి ఎన్నిసార్లు కనపడ్డామన్నదానికి, ఊదారంగు గీత ఉంటాయి. ఆ వారం నీలం గీత రోజూ కొంచెం కొంచెం దిగుతా వచ్చింది. మొదటి రోజు ఆదివారం కదా అనుకున్నా. రెండో రోజు వినాయక చవితి కదా అనుకున్నా. నెలాఖరుకి చూస్తే ముందున్న దాంట్లో నాలుగో వంతు మిగిలింది. ఇక చవితి మీదికి నెట్టే వీల్లేదు.

అప్పుడు నేను చేసిన పనులు ముందు చెప్తాను. అన్నీ తప్పులే. ఆ రాత్రే సైటు థీమ్ మార్చాను. పాత పోస్టులన్నిటికీ తేదీ తీసేసి ఆ రోజు తేదీ వేశాను, కొత్తవని గూగుల్ అనుకుంటుందని. ఎవరో వాట్సాప్‌లో తగిలి, వెయ్యి బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మన సైటుకి లింకులు) ఇస్తాం, నెలలో మళ్లీ పైకి తెస్తామంటే డబ్బులు కట్టాను. ఎంత కట్టానో ఇంట్లో ఇప్పటికీ తెలీదు. (నవ్వులు) వారం తర్వాత చిరాకొచ్చి చాలా పోస్టులు ఏది మంచిదో ఏది చెడ్డదో చూడకుండా తీసిపారేశాను. వాటిలో రెండు మూడు మంచివి కూడా పోయాయి.

ఇదంతా మా నాయనకి చెప్తే ఆయన ఒకటే అడిగాడు. ‘చెక్ ట్రే చూశావా?’ అని.

రొయ్యల గుంటలున్నవాళ్లు చెయ్యెత్తండి. ఇద్దరు, ముగ్గురు... సింగరాయకొండ వాళ్లా? సరే, మిగతావాళ్ల కోసం చెప్తా. గుంటలో నాలుగైదు చోట్ల వల కట్టిన చిన్న ట్రేలు దించుతారు. మేత వేసినప్పుడు వాటిలోనూ కాస్త వేస్తారు. రెండు గంటలాగి ఎత్తి చూస్తే రొయ్య మేత తిన్నదీ లేనిదీ తెలుస్తుంది. అందులోకొచ్చిన రొయ్యని పట్టుకుని పేగు నిండుగా ఉందా, తెల్లబడిందా, పెంకు మెత్తగా ఉందా అని చూస్తారు. మేత మిగిలిందంటే ఎన్నో కారణాలుండొచ్చు. రొయ్య పెంకు విడుస్తుంటే ఒకటి రెండు రోజులు మేత సరిగా తినదు, తర్వాత తనే తింటుంది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గి ఉండొచ్చు. జబ్బే వచ్చి ఉండొచ్చు. కొత్తగా దిగిన రైతు ట్రే ఎత్తి చూడకుండానే భయంతో మినరల్సూ, జియోలైటూ, ఎవరేది చెప్తే అదీ గుంటలో పోస్తాడు. ఆ మందుల ఖర్చుతోనే పంట పోతుంది. సెప్టెంబరు నెలాఖరున నేను చేసింది అచ్చం అదే.

కాబట్టి ఇవాళ నా మాటలో సగం ట్రే ఎత్తడం గురించే ఉంటుంది.

ముందు ఈ అల్గారిదమ్ మార్పుల సంగతి. గూగుల్ తన లెక్కని ఏడాది పొడుగునా మారుస్తూనే ఉంటుంది, చిన్నవి మనకి చెప్పదు కూడా. పెద్దవి మాత్రం ప్రకటిస్తుంది. 2011 ఫిబ్రవరిలో పాండా వచ్చింది. పేరు విని ఎలుగుబంటి అనుకునేరు, ఆ పని చేసిన ఇంజనీరు ఇంటిపేరది. రోజుకి వందల కొద్దీ పసలేని వ్యాసాలు అచ్చేసే సైట్ల మీద పడిందది. అమెరికాలో వెతికే ప్రశ్నల్లో దాదాపు 12 శాతం మీద దాని ప్రభావం ఉందని గూగులే చెప్పింది. మరుసటేడు ఏప్రిల్‌లో పెంగ్విన్, అది కొనుక్కున్న లింకుల మీద. 2018 ఆగస్టులో వచ్చిన పెద్ద మార్పుకి ఆరోగ్యం సైట్లు బాగా ఊగిపోయాయి. 2022 ఆగస్టులో ‘హెల్ప్‌ఫుల్ కంటెంట్’ అని ఒకటి మొదలైంది. మొదట ఇంగ్లీషుకే, ఆ డిసెంబరుకల్లా అన్ని భాషలకీ పాకింది. తెలుగులో రాసేవాళ్లం మనకేం కాదులే అనుకున్నాం. నన్ను ముంచింది దాని తర్వాతి విడత, 2023 సెప్టెంబర్ 14న మొదలై 28న ముగిసింది. 2024 మార్చిలో దాన్ని విడిగా ఉంచకుండా అసలు లెక్కలోనే కలిపేశారు. ఆ మార్చి అప్‌డేట్ పూర్తవడానికి 45 రోజులు పట్టింది. ఈమధ్య వచ్చే అప్‌డేట్ల తేదీలు గూగుల్ తన సెర్చ్ స్టేటస్ పేజీలో పెడుతుంది. ఎవరి వీడియోలూ చూడక్కర్లేదు, ఆ పేజీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

ఇక ట్రే ఎత్తుదాం. సైటు పడిపోయిందని నా దగ్గరికొచ్చేవాళ్లందరూ అప్‌డేట్ పేరే చెప్తారు. కూర్చుని చూస్తే అందరిదీ అప్‌డేట్ కాదు. కొందరిది హోస్టింగ్ (సైటుని ఉంచే సర్వర్ అద్దె) డబ్బు కట్టక సైటే తెరుచుకోదు. కొందరిది సైటు సురక్షితమని చూపే సర్టిఫికెట్ గడువు తీరి, తెరిస్తే ఎర్ర అక్షరాలతో హెచ్చరిక వస్తుంటుంది. కొత్త డిజైన్ చేసినప్పుడు పాత పేజీల అడ్రసులన్నీ మారిపోయి, పాతవాటి నుంచి కొత్తవాటికి దారి పెట్టనివాళ్లు మరికొందరు. వర్డ్‌ప్రెస్‌లో ఇంకోటుంది. సెట్టింగ్స్‌లో రీడింగ్ అని ఉంటుంది, అందులో సెర్చ్ ఇంజన్లు ఈ సైటుని చూడొద్దు అని ఒక టిక్. సైటు తయారవుతున్నప్పుడు డెవలపర్ ఆ టిక్ పెట్టుకుంటాడు, పని అయ్యాక తియ్యడం మర్చిపోతాడు. నేనూ ఒకసారి మర్చిపోయాను, ఆ కస్టమరు మంచాయన కాబట్టి నన్ను తిట్టి ఊరుకున్నారు.

రెండోది, సెర్చ్ కన్సోల్లో మాన్యువల్ యాక్షన్స్ అనే పేజీ. మీరు నిబంధన తప్పారని గూగుల్ మనిషే చూసి శిక్ష వేస్తే అక్కడ రాసి ఉంటుంది. ఉంటే తప్పు సరిచేసి, మళ్లీ చూడమని అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడ ఏమీ లేదంటే మీ మీద శిక్ష ఏమీ లేదన్నట్టు. లెక్క మారింది, మీకంటే ఇంకొకరు బాగున్నారని ఆ లెక్కకి తోచింది. దానికి అర్జీ లేదు, పైరవీ లేదు. గూగుల్లో మాకు తెలిసినవాళ్లున్నారు, ఎత్తిస్తాం అని ఎవరైనా అంటే టీ ఇప్పించి పంపించండి.

మూడోది సీజను. ఇది అందరూ చూసీ చూడనట్టు వదిలేస్తారు గానీ మన జిల్లాల్లో ఇదే పెద్ద బురిడీ. నెల్లూరులో ఒక లాడ్జీ వాళ్ల సైటు నేనే చూస్తాను. 2024 జులై నెలాఖరున ఆయన కంగారుగా ఫోన్ చేశాడు. పోయినేడు ఇదే వారంతో పోలిస్తే ట్రాఫిక్ (సైటుకొచ్చే జనం) సగం కూడా లేదు, అప్‌డేట్ కొట్టిందన్నాడు. తేదీలు చూశాను. రొట్టెల పండుగ 2023లో జులై నెలాఖరున వచ్చింది, 2024లో జులై మధ్యలోనే వచ్చి వెళ్లిపోయింది. స్వర్ణాల చెరువు దగ్గరికొచ్చే జనమంతా రూముల కోసం వెతికేది పండుగ ముందు. పండుగ మొహర్రంతో పాటు ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. ఆయన పండుగ వారాన్ని మామూలు వారంతో పోల్చుకుని ఏడుస్తున్నాడు. ‘సార్, మీది పెంకు విడవడం, జబ్బు కాదు’ అన్నాను. ఆయనకి అర్థం కాలేదనుకోండి, ఆయనకి గుంటల్లేవు. (నవ్వులు)

సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్క దాస్తుంది. అందుకే పోయినేటితో పోల్చుకోవచ్చు. కానీ సంక్రాంతికి, రొట్టెల పండుగకి, పొగాకు వేలాలు మొదలయ్యే రోజులకి, మీ వ్యాపారానికి ఏది పండుగో దాని ప్రకారం జరుపుకుని పోల్చుకోండి.

ఈ మూడూ కాదని తేలాక అప్పుడు అప్‌డేట్ అనుకోండి. అప్పుడు కూడా ఆగాలి. అప్‌డేట్ నడుస్తున్నన్ని రోజులూ ర్యాంకులు ఊగుతాయి. పూర్తయ్యాక ఇంకో వారం ఆగి, మొదలవక ముందు వారాన్నీ పూర్తయిన తర్వాతి వారాన్నీ పక్కపక్కన పెట్టి చూడమని గూగులే చెప్తుంది. రెండో స్థానం నుంచి నాలుగుకి దిగితే పెద్దగా ముట్టుకోవద్దు, నాలుగు నుంచి 29కి పడితే మాత్రం లోతుగా చూసుకోమంటుంది. ఈ ఒక్క మాట ఆ రాత్రి నాకు తెలిసి ఉంటే థీమ్ మార్చేవాణ్ని కాదు.

చూసేటప్పుడు రెండు గీతలూ కలిపి చూడండి. మీ స్థానం అలాగే ఉండి, కనపడటం అలాగే ఉండి, క్లిక్స్ మాత్రం తగ్గాయంటే మీరు పడలేదు, మీ పైన ఏదో వచ్చి కూర్చుంది. యాడ్స్ కావొచ్చు, మ్యాపు, వీడియోలు, లేదా ఏఐ రాసిచ్చే జవాబు. ఆ ఏఐ జవాబులు మన దేశంలో 2024 ఆగస్టు నుంచి మొదలయ్యాయి. దానికి మందు వేరు. ‘రొయ్య ఏ నెలలో వెయ్యాలి’ లాంటి ఒక్క వాక్యం ప్రశ్నలకి ఇక క్లిక్కులు రావు, ఆ పేజీల మీద ఆశ వదులుకోవడమే మేలు. స్థానమే పడితే అప్పుడు ఏ పేజీ, ఏ మాట దగ్గర పడిందో ఒక్కొక్కటీ తీయాలి.

నేను తీశాను. అక్టోబరంతా అదే పని. ఒక పుస్తకంలో గీతలు కొట్టి, పడ్డ పేజీలు ఎడమవైపు, పడనివి కుడివైపు రాసుకున్నాను. ఎడమవైపు నిండాక చూస్తే సిగ్గేసింది.

‘రొయ్య పిల్ల ధర కావలిలో’, ‘రొయ్య పిల్ల ధర కోవూరులో’, ‘రొయ్య పిల్ల ధర కొత్తపట్నంలో’... ఇలా ఊరి పేరు మార్చి ఒకే పేజీని నలభై సార్లు పెట్టాను. లోపల సరుకు ఒక్కటే. గూగుల్ భాషలో వీటిని డోర్‌వే పేజీలంటారు, ఇల్లు లేకుండా గుమ్మాలు మాత్రం కట్టినట్టు. ఆ తర్వాత ఇంగ్లీషు వ్యాసాలు మెషీన్‌కిచ్చి తెలుగు చేయించినవి. వాటిలో ఒకటి మా నాయనకి చదివి వినిపించాను. అందులో ‘రొయ్య విత్తనాలను ఉదయం వేళ చల్లుకోవాలి’ అనుంది. ఆయన నవ్వాపుకున్నాడు. కింద ‘నాలుగు నెలలకు రొయ్యలు కోతకు వస్తాయి’ అనేసరికి ఆగలేకపోయాడు. ‘ఏందిరా ఇది? రొయ్యలకి కోతేంది? కొడవలి తీసుకుని గుంటలోకి దిగమంటావా?’ అన్నాడు. సీడ్ అంటే పిల్ల, హార్వెస్ట్ అంటే పట్టుబడి అని మా ఇంట్లో పుట్టిన ఏ పిల్లాడికైనా తెలుసు. నా సైటుకి మాత్రం తెలీదు. ఆ పేజీ రెండేళ్లు గూగుల్లో పైన ఉంది. నిజం చెప్పాలంటే అది పడటంలో ఆశ్చర్యం లేదు, అన్నాళ్లు నిలబడటమే ఆశ్చర్యం.

కుడివైపు ఏమున్నాయో చెప్తాను. ఒక పోస్టు అసలు కదల్లేదు. ఎండాకాలం ఒక రాత్రి కరెంటు పోయి, జనరేటర్ స్టార్ట్ కాక, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయిన సంగతి అది. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదీ తీసుకుంటుంది, అందుకే తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. కరెంటు సరిగ్గా ఆ వేళకే పోయింది. నాలుగింటికి టార్చి వేసి చూస్తే రొయ్యలు గట్ల వెంబడి నీళ్లపైకి తేలుతున్నాయి. మా నాయన పక్క గుంటవాళ్ల డీజిల్ ఇంజను తెప్పించి, నీళ్లు తోడి అదే గుంటలో పైనుంచి చిమ్మించాడు. ఎంత పోయింది, ఎంత దక్కింది, తర్వాత వారం ఏం చేశాం అంతా రాశాను. ఫోటోలు కూడా వణుకుతున్న చేత్తో తీసినవే. ఆ పోస్టు సెర్చ్ కోసం రాసింది కాదు, మర్చిపోకుండా ఉంటుందని రాసుకుంది.

2022 డిసెంబరులో గూగుల్ తన నాణ్యత మార్గదర్శకాల్లో ‘అనుభవం’ అనే మాట కొత్తగా చేర్చింది. అంతకుముందు నైపుణ్యం, ప్రామాణికత, నమ్మకం ఉండేవి. చాలామంది దీన్ని మార్కులనుకుంటారు. సైటుకి ఇన్ని అనుభవం మార్కులు అని ఎక్కడా ఉండవు. ఫలితాలు బాగున్నాయో లేదో చూడటానికి గూగుల్ నియమించుకున్న మనుషులకిచ్చే పుస్తకం అది. వాళ్లు తక్కువ వేస్తే మీ సైటు నేరుగా కిందికి దిగదు కూడా. కానీ లెక్క ఏ వైపు పోవాలనుకుంటున్నారో ఆ పుస్తకంలో తెలుస్తుంది. నా ఎడమ పేజీ, కుడి పేజీ చూస్తే అది ఎటు పోయిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆ తర్వాత చేసిన పని చెప్పుకోడానికి పెద్దగా ఉండదు, చెయ్యడానికే ఆరు నెలలు పట్టింది. నలభై ఊళ్ల పేజీలు తీసి ఒక్క పేజీ చేశాను, పాత అడ్రసులన్నీ దానికి మళ్లించాను. ఇంటర్నెట్‌లో దాన్ని 301 రీడైరెక్ట్ అంటారు, ఇల్లు మారినప్పుడు పోస్టుమాన్‌కి కొత్త అడ్రసు చెప్పినట్టు. మెషీన్ తెలుగు పేజీల్లో పనికొచ్చే విషయమున్న ముప్పై దాకా ఉంచుకుని మా నాయన పక్కన కూర్చుని మళ్లీ రాశాను. మిగతావి తీసేశాను. తీసెయ్యడం మాత్రం ఆఖరి పనిగానే పెట్టుకోండి, బాగుచెయ్యడం కుదరదనుకున్నప్పుడే. మొదట్లో నేను నరికినవాటిలో పోయిన మంచి పోస్టు ఒకటి ఇప్పటికీ దొరకలేదు. మన అద్దంకి రెడ్డిరాజుల ఆస్థాన కవి ఎర్రన, అరణ్యపర్వంలో నన్నయ ఆపిన చోటు నుంచి అందుకుని పూర్తి చేస్తే అతుకు కనపడదంటారు. నాకంత చేతకాలేదు, కొన్ని పేజీల్లో కొత్త పేరా ఎక్కడ మొదలైందో చదివేవాడికి తెలిసిపోతుంది. పర్లేదు.

మందుల డోసుల పేజీలు మొత్తం తీసేశాను. రొయ్యల్లో కొన్ని యాంటీబయాటిక్స్ నిషేధం, ఎగుమతి సరుకులో అవి తేలితే కంటైనరు వెనక్కొస్తుంది. ఎక్కడో చదివి డోసు రాసే హక్కు నాకు లేదు. ఆరోగ్యం, డబ్బు, మనుషుల ప్రాణాలకి సంబంధించిన విషయాల్లో గూగుల్ మరీ జాగ్రత్తగా చూస్తుందన్నది వేరే సంగతి. గూగుల్ లేకపోయినా ఆ పేజీ ఉండకూడదు.

స్పీడు గురించి అడుగుతారు కాబట్టి ఒక్క మాట. పేజీలో పెద్ద బొమ్మో, మొదటి పేరానో రెండున్నర సెకన్లలోపు కనపడాలి, కిందపడి మీదపడి కదలకూడదు, నొక్కితే వెంటనే పలకాలి. ఫోన్లో తీసిన నాలుగు ఎంబీల ఫోటో అలాగే ఎక్కించకండి, కుదించండి. అంతే. స్పీడు పెంచితే ర్యాంకులు ఎగిరొస్తాయని ఎవరన్నా అంటే నమ్మకండి, ఇద్దరు సమానంగా ఉన్నప్పుడు పనికొచ్చే విషయమది.

కొనుక్కున్న వెయ్యి లింకులా? వాటివల్ల పైకి రాలేదు, కిందికీ పోలేదు. 2016 సెప్టెంబరు నుంచి పెంగ్విన్ అసలు లెక్కలో భాగమైంది, అప్పటినుంచి చెత్త లింకుల్ని చాలావరకు లెక్కలోకి తీసుకోవడం మానేసింది. అంటే నేను ఆ డబ్బు గాల్లోకి విసిరాను. వాటిని కాదనుకోడానికి డిసవౌ అనే సాధనం ఉంది గానీ, చాలా సైట్లకి దాని అవసరం రాదని గూగులే అంటుంది. నేను ముట్టుకోలేదు.

మరి సైటు లేచిందా అంటే, 2024 మార్చి అప్‌డేట్‌కి కదుల్తుందని 45 రోజులు ఎదురుచూశాను, కదల్లేదు. ఆ ఏప్రిల్‌లో సైటు మూసేద్దామనుకున్నా. ఆగస్టు 15న అసలు లెక్కనే మార్చే మరో పెద్ద అప్‌డేట్ (కోర్ అప్‌డేట్) మొదలై సెప్టెంబర్ 3న ముగిసింది. ఆ రెండో వారంలో నీలం గీత కొంచెం పైకి లేచింది. ఇప్పటికి పాత ట్రాఫిక్‌లో సగం దాకా వచ్చింది. మిగతా సగం రాదేమో కూడా, ఎందుకంటే అందులో చాలావరకు కొడవలి పేజీలకి వచ్చింది. 2023 సెప్టెంబరులో పడ్డ చాలా సైట్లకి ఈ మాత్రం కూడా రాలేదు. వాటిలో కొన్ని నిజంగా మంచివి. కష్టపడి రాసినవాళ్లకి కూడా అన్యాయం జరిగిందని నా అభిప్రాయం. ఆ మాట దాచిపెట్టి ‘కష్టపడితే వస్తుంది’ అని మీకు చెప్పి పంపడం నాకిష్టం లేదు.

ఒకటి మాత్రం చెయ్యండి. గూగుల్ ఒక్కదాని మీదే బతకొద్దు. మాకిప్పుడు రైతుల వాట్సాప్ గ్రూపులున్నాయి, రోజూ కౌంటు రేట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే ఎంత ధర అన్నది) అక్కడికే పోతాయి. షాపులున్నవాళ్లకి అసలు వెబ్‌సైటు కంటే మ్యాపులో వచ్చే బిజినెస్ ప్రొఫైల్ ముఖ్యం. బోర్డు మీద ఒక పేరు, మ్యాపులో ఇంకో పేరు, సైటులో పాత ఫోన్ నంబరు... ఇది సరిచేసుకోడానికి ఏ అప్‌డేటూ అక్కర్లేదు.

ఇంకో చిన్న ముచ్చట చెప్పి ప్రశ్నలకి వస్తాను. నెల్లూరుని ఇంగ్లీషులో ఒక ‘ఎల్’ తగ్గించి కొట్టండి. పెన్నానది రాదు, తెల్లటి ఆవులొస్తాయి, బ్రెజిల్‌వి. అవి మన ఒంగోలు జాతే, ఇక్కడినుంచి వెళ్లి అక్కడ మన ఊరి పేరు పెట్టుకున్నాయి. మా కస్టమరొకాయన ఒంగోలు గిత్తల మీద పేజీ పెట్టి, అది పడిపోయిందని బాధపడుతుంటే ‘ఒంగోలు గిత్త’ అని కొట్టి చూశాం. పైన వచ్చినవన్నీ బండలాగుడు పోటీల వీడియోలు. జనం గిత్తని చూడాలనుకుంటున్నారు, ఈయన గిత్త చరిత్ర రాశాడు. పేజీలో తప్పేం లేదు, అడిగేవాళ్లు వేరే అడుగుతున్నారు. ఆయన పోటీలకి పోయి ఫోన్లో వీడియోలు తియ్యడం మొదలుపెట్టాడు.

సరే, అడగండి.

(కావలి నుంచి వచ్చిన ఒక మహిళ: ‘సార్, మాది పచ్చళ్ల సైటు. ఏఐతో రాయిస్తే దెబ్బ పడుతుందా?’)

అమ్మా, ఏఐతో రాయించారా చేత్తో రాశారా అన్నదాని మీద గూగుల్ శిక్ష వెయ్యదు. ర్యాంకుల కోసమే గుట్టలు గుట్టలుగా పేజీలు పోస్తే మాత్రం, ఎవరు రాసినా, 2024 మార్చి నుంచి అది స్పామ్ కిందికే వస్తుంది. మీ ఆవకాయ గురించి ఏఐకి ఏం తెలుసు చెప్పండి? కాయ ఎక్కడినుంచి తెస్తారు, ముక్క టెంకతో కొడతారా లేదా, ఏ నూనె పోస్తారు, జాడీ ఎన్నో రోజున తిరగేస్తారు, వానాకాలం పార్సిల్ కారకుండా ఏం చేస్తారు, ఇవి మీకే తెలుసు. అవి మీరు మాటల్లో చెప్పి, అక్షర దోషాలు దిద్దడానికి ఏఐని వాడుకోండి.

(ఒక యువకుడు: ‘అన్నా, కొత్త డొమైన్ కొనుక్కుని మారిపోతే?’)

సైటు అడ్రసు మార్చి, అదే సరుకు కొత్త షాపులో పెడతానంటావు. దారి మళ్లిస్తే పాత కథ వెంట వస్తుంది, మళ్లించకపోతే మంచీ చెడూ రెండూ పోతాయి. పేరున్న పాత డొమైన్లు కొని వాటి మీద మన పేజీలు వేసుకోవడం కూడా స్పామే అని రాసిపెట్టారు. ఆ డబ్బుతో మంచి మైకు కొనుక్కో తమ్ముడూ, వీడియోలు చేసుకోవచ్చు.

(ఒక పెద్దాయన: ‘బాబూ, మాది చీమకుర్తి. గెలాక్సీ గ్రానైటు పలకల వ్యాపారం. పోయిన నెల కొత్త సైటు చేయించాం. అప్పటినుంచి ఫోన్లు ఆగిపొయ్యాయి. ఇది అప్‌డేటేనా?’)

కొత్త సైటు పోయిన నెలే చేయించారా? ఒక్క నిమిషం, ముందుకి రండి. మీ ఫోన్ ఇలా ఇవ్వండి. గూగుల్లో ‘సైట్’ అని ఇంగ్లీషులో కొట్టి, రెండు చుక్కలు పెట్టి, ఖాళీ లేకుండా మీ సైటు పేరు కొడుతున్నాను, అందరూ చూడండి. మీ పేజీలు గూగుల్ దగ్గర ఎన్ని ఉన్నాయో ఇక్కడ రావాలి... ఏమీ రావడం లేదు. ఒక్కటీ లేదు. అప్‌డేట్ అయితే కిందికి దిగుతారు గానీ ఇలా మాయమైపోరు. సైటు వర్డ్‌ప్రెస్సేనా? తెలీదా? చేసినబ్బాయికి ఇప్పుడే ఫోన్ కలపండి. స్పీకర్లో పెట్టండి... ఆ, హలో తమ్ముడూ, చీమకుర్తి సైటు చేసింది నువ్వేనా? కోపం లేదులే, ఒక్కటి చూడు. సెట్టింగ్స్‌లో రీడింగ్ తెరువు. కింద టిక్ ఉందా?